దిగివచ్చిన రుచి: ఉప్పల్–నాచారం నేపథ్యంలో చవక లాగర్ పునరాదరణపై నైతిక పరిశీలన

సారాంశం

క్రాఫ్ట్ బీరు ద్వారా రుచి వివేచన అలవరచుకున్నవారు కొంతకాలానికి చవకైన లాగర్ బీరు వైపు మళ్లడం పలు దేశాల నగరాలలో కనిపిస్తున్న ధోరణి. హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతాల సామాజిక నేపథ్యంలో ఈ మళ్లింపును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇది ఆడంబరాన్ని వదిలిన నిజాయితీయా, ఆడంబరానికే మరో రూపమా అన్నది ప్రధాన ప్రశ్న. హ్యూమ్, కాంట్, బోర్డ్యూల ఆలోచనలను భరతుడు, అభినవగుప్తుడు, క్షేమేంద్రుల భావనలతో కలిపి చర్చించి, రుచి గురించిన తీర్పుకు ఔచిత్యమే ప్రమాణమనీ, ఆ ఔచిత్యంలో పక్కవాడి స్థితి, ఇంటి స్థితి కూడా భాగమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: రుచి, ఔచిత్యం, లాగర్, వర్గభేదం, అభిరుచి, మద్య నిషేధం.

1. ప్రవేశిక

రుచి విషయంలో తెలుగువారికి పరస్పరం పొసగని రెండు సామెతలు ఉన్నాయి. ‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అన్న సామెత రుచిని వివాదానికి అతీతంగా నిలుపుతుంది. ‘పొరుగింటి పుల్లకూర రుచి’ అన్న సామెత అదే రుచిని అనుమానిస్తుంది. నాలుకకు తోచిన మాధుర్యం కూరలో ఉన్నదా, కూర పొరుగింటిది కావడంలో ఉన్నదా అని అడుగుతుంది. మొదటి సామెత ప్రకారం రుచికి సంజాయిషీ అక్కరలేదు. రెండవ సామెత ప్రకారం రుచి అబద్ధమాడగలదు. అబద్ధమాడగలిగినది నైతిక విచారణకు లోబడుతుంది. ఈ వ్యాసం రెండవ సామెత దారిలో నడుస్తుంది.

విచారణకు ఎంచుకున్న విషయం చిన్నది. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నియమాలు రూపొందించిన తరువాత హైదరాబాదులో అక్కడికక్కడే బీరు కాచి అమ్మే పబ్బులు వెలిశాయి. అవి ఎక్కువగా జూబ్లీహిల్స్, మాదాపూర్, గచ్చిబౌలి పరిసరాలలో, అంటే నగరానికి పడమట, కేంద్రీకృతమయ్యాయి. అంతవరకు బీరును ‘లైట్’, ‘స్ట్రాంగ్’ అని రెండుగా మాత్రమే ఎరిగిన ఒక తరం గోధుమ బీరు, స్టౌట్, ఇండియా పేల్ ఏల్ వంటి పేర్లు నేర్చుకుంది. హాప్ పువ్వు చేదును, మాడిన మాల్టు వాసనను వేరుచేసి చెప్పడం సాధన చేసింది. ఆ తరంలో కొందరు ఇప్పుడు మళ్లీ వైన్ షాపులో దొరికే మామూలు లాగర్‌ను ఇష్టంగా తాగుతున్నారు. అమెరికాలో, ఐరోపాలో కూడా ఈ పరిణామం ఉంది. అక్కడ చిన్న బ్రూవరీలే సాదా లాగర్లు కాచడం మొదలుపెట్టాయి.

హైదరాబాదులో ఈ రాకపోకలకు ఒక భౌగోళిక రేఖ కూడా ఉంది. 2017 నవంబరులో నాగోల్ నుంచి మొదలైన మెట్రో మార్గం 2019లో హైటెక్ సిటీని, ఆ తరువాత రాయదుర్గాన్ని చేరింది. నీలి మార్గంగా పిలిచే ఈ దారిలో తూర్పు చివరన ఉప్పల్, పడమటి చివరన బ్రూపబ్బుల ప్రాంతం ఉన్నాయి. ఉప్పల్ వరంగల్ రహదారికి ముఖద్వారం. యాదగిరిగుట్ట, హనుమకొండ బస్సుల కోసం జనం నిలిచే కూడలి. పక్కనే నాచారం పారిశ్రామికవాడ, ఈఎస్ఐ ఆసుపత్రి, వాటిని ఆనుకొని కార్మికుల, చిరుద్యోగుల కాలనీలు ఉన్నాయి. ఈ ప్రాంతాలలోనే ఐటీ కార్యాలయాలూ, ఐటీ ఉద్యోగుల అపార్టుమెంట్లూ లేచాయి. పడమట పనిచేసి తూర్పున నివసించేవారు, తూర్పునే పనిచేసి తూర్పునే నివసించేవారు ఒకే వైన్ షాపు కౌంటరు ముందు నిలబడే చోటు ఇది. రుచి పైకెక్కడం, దిగిరావడం అన్న మాటలను పరీక్షించడానికి ఇంతకంటే అనువైన స్థలం నగరంలో అరుదు.

2. తిరస్కృత వస్తువు: లాగర్ స్వరూపం

తిరిగి ఆదరణ పొందుతున్న వస్తువు ఏమిటో ముందుగా తెలియాలి. లాగర్ అన్న జర్మన్ మాటకు నిల్వ అనే అర్థం ఉంది. తక్కువ ఉష్ణోగ్రతలో, పాత్ర అడుగున పనిచేసే ఈస్ట్‌తో పులియబెట్టి, కొన్ని వారాలు చల్లగా నిల్వ ఉంచి చేసే బీరు ఇది. 1842లో బొహీమియాలోని ప్లజెన్ పట్టణంలో బవేరియాకు చెందిన యోసెఫ్ గ్రోల్ కాచిన లేత బంగారు రంగు బీరు ఈ రకానికి ప్రపంచవ్యాప్త ప్రాచుర్యం తెచ్చింది. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ శుద్ధమైన ఈస్ట్‌ను వేరుచేయడంతో ప్రతి సీసా ఒకే రుచితో ఉండటం సాధ్యమైంది. యాంత్రిక శీతలీకరణ తోడయ్యాక లాగర్ పరిశ్రమగా మారింది.

భారతదేశపు సాధారణ లాగర్‌లో బార్లీ మాల్టుతో పాటు బియ్యం, మొక్కజొన్న, చక్కెర వంటివి కలుపుతారు. వాటివల్ల ఖర్చు తగ్గుతుంది, రుచి తేలికవుతుంది. లైట్ రకంలో ఆల్కహాలు సుమారు 5 శాతం, స్ట్రాంగ్ రకంలో 8 శాతం దాకా ఉంటుంది. క్రాఫ్ట్ బీరు అభిమానుల ఆక్షేపణ ఈ తేలికతనం మీదే. దీనిలో నిలిచే వాసన లేదు, ఆలోచింపజేసే చేదు లేదు, ఒక సీసాకూ మరో సీసాకూ భేదం లేదు అంటారు. అయితే బీరు కాచేవారు మరో సంగతి కూడా చెబుతారు. గాఢమైన హాప్, మాడిన మాల్టు చిన్నచిన్న లోపాలను కప్పిపుచ్చగలవు. తేలికైన లాగర్‌లో దాక్కునే చోటు ఉండదు. పులియబెట్టడంలో జరిగిన పొరపాటు వెంటనే పైకి తేలుతుంది. ఆక్షేపించిన లక్షణమే మరో దృష్టితో నైపుణ్యానికి పరీక్ష అవుతుంది. వస్తువు మారలేదు, దానిని అడిగే ప్రశ్న మారింది.

3. రుచి అన్న పదంలోని కన్ను

‘రుచి’ శబ్దానికి సంస్కృతంలో కాంతి అనే అర్థమూ ఉంది. ప్రబంధ భాషతో పరిచయం ఉన్న పాఠకులకు ఇది కొత్త సంగతి కాదు. ప్రకాశించేది, నచ్చేది, నాలుకకు తెలిసేది అన్న మూడు అర్థాలు ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. ‘చవి’ అన్న దేశ్యపదం అలా కాదు. చవిచూడటం అంటే నోటితోనో అనుభవంతోనో దగ్గరగా తెలుసుకోవడమే. దూరం నుంచి మెరిసి ఆకర్షించే గుణం ఆ పదంలో లేదు. రుచిలో కన్నూ నాలుకా కలిసి ఉన్నాయి, చవిలో నాలుక మాత్రమే ఉంది అని ఈ చర్చ మేరకు విభజించుకోవచ్చు.

ఉప్పు, కర్పూరం చూడటానికి ఒకలాగే ఉన్నా రుచి చూస్తే వేరని వేమన చూపిన దృష్టాంతం తెలుగు నీతిచింతనలో స్థిరపడింది. అక్కడ కన్ను మోసపోతుంది, నాలుక నిజం చెబుతుంది. బీరు విషయంలో జరిగిన పరీక్షలు ఈ క్రమాన్ని తలకిందులు చేశాయి. 1964లో అలిసన్, ఊల్ అనే అమెరికన్ పరిశోధకులు బీరు తాగేవారికి లేబుళ్లు తీసేసిన సీసాలు ఇచ్చి చూశారు. తాగేవారు తమకిష్టమైన బ్రాండును గుర్తించలేకపోయారు. లేబుళ్లు కనిపించిన తరువాత మాత్రం తమ బ్రాండుకే ఎక్కువ మార్కులు వేశారు. 2014లో వెలువడిన మరో అధ్యయనం మూడు ఐరోపా లాగర్ల విషయంలో దాదాపు ఇదే ఫలితాన్ని చూపింది. ఇక్కడ భేదాన్ని పట్టుకున్నది కన్ను; నాలుక ఏకత్వాన్ని మాత్రమే చెప్పింది.

2006లో లీ, ఫ్రెడరిక్, ఏరియలీ ప్రచురించిన ప్రయోగం మరింత సూక్ష్మమైనది. బీరులో కొన్ని చుక్కల బాల్సమిక్ వెనిగర్ కలిపారు. ఆ సంగతి ముందే తెలిసినవారికి అది నచ్చలేదు. తాగిన తరువాత తెలిసినవారి అభిప్రాయం పెద్దగా మారలేదు. ముందే తెలియడం వల్ల అనుభవమే మారిందని దీని సారాంశం. ఈ పరీక్షల నుంచి రుచి అంతా బూటకమని తేల్చడం తొందరపాటు. స్టౌట్‌నూ లాగర్‌నూ కళ్లు మూసుకున్నా వేరుచేయవచ్చు. ఒకే జాతికి చెందిన లాగర్ల మధ్య భేదం గురించి మనిషి చెప్పే మాటల్లో ఎంతో భాగం లేబులు నుంచి వస్తుందన్నది మాత్రం నిలుస్తుంది. లాగర్ వైపు మళ్లినవాడు తన మళ్లింపులో లేబులు పాత్ర ఎంత అని తనను తాను అడగవలసి ఉంటుంది. ఒకనాడు ఖరీదైన లేబులు మెరిసింది. ఇప్పుడు ‘చవక’ అన్న లేబులే మెరుస్తూ ఉండవచ్చు.

4. ప్రమాణం ఉన్నదా?

రుచికి ప్రమాణం ఉండగలదని వాదించినవారిలో డేవిడ్ హ్యూమ్ ముఖ్యుడు. 1757లో వెలువడిన తన వ్యాసంలో ఆయన డాన్ క్విక్సోట్ నవలలోని ఒక ఘట్టాన్ని వాడుకున్నాడు. సాంకో పాంజా బంధువులు ఇద్దరు ఒక పీపాలోని ద్రాక్షసారాను రుచి చూస్తారు. ఒకడికి తోలు వాసన, మరొకడికి ఇనుము వాసన తగులుతుంది. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుపట్టీ కట్టిన తాళంచెవి దొరుకుతుంది. నాలుక చెప్పినదానికి వస్తువులో ఆధారం ఉన్నదని తేలుతుంది. సూక్ష్మగ్రహణ శక్తి, సాధన, తులనాత్మక పరిచయం, దురభిమానం లేకపోవడం, వివేకం ఉన్నవారి తీర్పులు కలిసిన చోట ప్రమాణం ఏర్పడుతుందని హ్యూమ్ అభిప్రాయం.

ఈ కొలతతో చూస్తే లాగర్ వైపు మళ్లిన క్రాఫ్ట్ బీరు అభిమాని అర్హుడిగా కనిపిస్తాడు. అతనికి సాధన ఉంది, పలు రకాలను పోల్చిన అనుభవం ఉంది. అదే లాగర్‌ను ఇరవై ఏళ్లుగా తాగుతున్న నాచారం కార్మికుడికి ఆ పోలిక లేదు. అయితే హ్యూమ్ జాబితాలో దురభిమానం లేకపోవడం కూడా ఉంది. ఆ గుణం పోలిక వల్ల పెరుగుతుందన్న హామీ ఏదీ లేదు. పైగా కార్మికుడికి సూక్ష్మగ్రహణం లేదనుకోవడం పొరపాటు. ఎండ తగిలిన సీసాను అతను వాసనతో పట్టుకుంటాడు. వెలుతురు సోకితే హాప్‌లోని పదార్థాలు మార్పు చెంది దుర్వాసన పుడుతుందని రసాయనశాస్త్రం చెబుతుంది. ఆ శాస్త్రం తెలియకపోయినా సీసాను వెనక్కిచ్చి కొత్త స్టాకు అడగడం అతనికి తెలుసు. అతని వద్ద లేనిది నాలుక కాదు, నాలుక చెప్పినదాన్ని చర్చగా మలచే పదజాలం మాత్రమే.

కాంట్ ఈ చర్చను మరో చోటికి తీసుకెళ్లాడు. 1790 నాటి గ్రంథంలో ఆయన ‘ఇంపైనది’, ‘సుందరమైనది’ అని రెండింటిని వేరుచేశాడు. కేనరీ ద్రాక్షసారా ఇంపుగా ఉంది అన్నవాడు ‘నాకు’ అన్న మాట చేర్చుకోక తప్పదు. సుందరం అన్నవాడు మాత్రం అందరి సమ్మతినీ కోరుతున్నాడు. క్రాఫ్ట్ సంస్కృతి ఇంపు ప్రాంతంలోని వస్తువుకు సౌందర్యపు హక్కులు కోరింది: నచ్చింది అనడంతో ఆగక, నచ్చనివాడి రుచి పరిణతి చెందలేదని సూచించింది. లాగర్ వైపు మళ్లడం అంటే, దాని మేలిరూపంలో, ఆ హక్కును వదులుకోవడం. ‘ఇది నాకు ఇంపుగా ఉంది’ అన్న చిన్న వాక్యానికి తిరిగి రావడం.

భారతీయ సాహిత్యశాస్త్రం ఈ సరిహద్దును మొదటి నుంచీ వేరుగా గీసింది. భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో రసాన్ని వివరించడానికి భోజనాన్నే ఉపమానంగా తీసుకున్నాడు. నానా వ్యంజనాలతో సిద్ధమైన అన్నాన్ని సుమనస్కులైనవారు ఆస్వాదించినట్లు ప్రేక్షకులు స్థాయిభావాలను ఆస్వాదిస్తారని ఆయన వివరణ. ఇక్కడ ఆస్వాదకుడి అర్హత సుమనస్కత, అంటే మనసు తేటగా ఉండటం. పాండిత్యం ఆ తరువాతి సంగతి. అభినవగుప్తుడు రసానుభవానికి అడ్డువచ్చే ఏడు విఘ్నాలను లెక్కించాడు. తన సొంత సుఖదుఃఖాలలో మునిగిపోవడం వాటిలో ఒకటి. గ్లాసులోని పానీయం కంటే ఆ గ్లాసు పట్టుకున్న తన రూపాన్ని ఎక్కువగా చూసుకునేవాడు ఈ విఘ్నానికి లోబడినవాడే. ఆ గ్లాసులో ఉన్నది స్టౌట్ అయినా, చవక లాగర్ అయినా విఘ్నం ఒక్కటే.

5. దిగిరావడంలోని ఎత్తు

ఇక్కడ పియర్ బోర్డ్యూ లేవనెత్తిన అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. 1979లో వెలువడిన ‘డిస్టింక్షన్’ గ్రంథంలో ఆయన అభిరుచి వర్గభేదానికి సాధనమని ఫ్రెంచి సమాజాన్ని ఆధారంగా చూపాడు. శ్రామికుల రుచిని అవసరం నిర్ణయిస్తుంది. అవసరం నుంచి దూరంగా ఉండగలగడమే ఉన్నత వర్గపు రుచికి గుర్తు. ఈ సూత్రం ప్రకారం చవక వస్తువును ఎంచుకోవడం కూడా ఆ దూరాన్ని ప్రదర్శించే మార్గం కాగలదు. ఖరీదైనది కొనగల స్తోమత ఉన్నదని అందరికీ తెలిసినప్పుడే చవకైనదాన్ని ఎంచుకోవడం గొప్ప అనిపిస్తుంది. ఖద్దరు ధరించిన ధనికుడిది త్యాగం, ముతక బట్ట కట్టిన కూలీది మామూలు సంగతి అయినట్లే ఇదీ.

తెలంగాణలో దీనికి దగ్గరి ఉదాహరణలు ఉన్నాయి. జొన్నరొట్టె, గట్క, అంబలి ఒకనాడు వరి అన్నం అందనివారి తిండి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం పథకం వచ్చాక ఆ తిండి పేదల కంచాల నుంచి క్రమంగా తొలగింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించే నాటికి అవే ధాన్యాలు ఆరోగ్య చిహ్నాలుగా నగరపు ఖరీదైన దుకాణాలలో నిలిచాయి. కల్లు విషయంలోనూ ఇటువంటి ద్వంద్వం ఉంది. నగరంలో కొన్నేళ్లు మూతపడి 2014లో తిరిగి తెరుచుకున్న కల్లు కాంపౌండు ఒకవైపు, 2023లో నెక్లెస్ రోడ్డులో ప్రారంభమైన నీరా కేఫ్ మరోవైపు ఉన్నాయి. కల్లు, నీరా ఒకే చెట్టు నుంచి వచ్చినా, వాటిని తాగే స్థలాలు వేర్వేరు మర్యాదలను పంచుతాయి.

భాష కూడా ఈ మర్యాదలను పంచుతుంది. ఒకడు ‘తాగాడు’, ఒకరు ‘పుచ్చుకున్నారు’, మరొకరు ‘సేవించారు’. మొదటివాడు తాగుబోతు కాగలడు. ‘పుచ్చుకునేబోతు’ అన్న మాట తెలుగులో పుట్టలేదు. క్రాఫ్ట్ సంస్కృతి ఈ క్రియల వరుసకు ‘టేస్ట్ చేయడం’ అన్న మరో మెట్టు చేర్చింది. ఆ మెట్టు మీది నుంచి దిగివచ్చినవాడు ‘మేమూ తాగుతాం’ అని నవ్వుతూ అనగలడు. ‘తాగడం’ అన్న క్రియ అతనికి అంటుకోదు, పక్కవాడికి అంటుకొనే ఉంటుంది.

దిగిరావడాన్ని సమర్థించే వాదాలలో ‘ఇది మన అసలైన బీరు’ అన్నది ఒకటి. ఈ వాదం నిలవదు. యునైటెడ్ బ్రూవరీస్ 1915లో ఏర్పడిన భారతీయ సంస్థే అయినా 2021లో దాని నియంత్రణ హైనెకెన్ చేతికి వెళ్లింది. ఆ సంస్థ కింగ్‌ఫిషర్ బీరు సంగారెడ్డి జిల్లాలో తయారవుతున్నా, దాని యాజమాన్యం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. పది అడుగుల దూరంలో కాచి పోసే బ్రూపబ్బు బీరే, స్థలాన్ని బట్టి చూస్తే, ఎక్కువ స్థానికం. లాగర్ స్థానికత తయారీలో లేదు. అది తాగే చోటులో, తాగేవారి జ్ఞాపకంలో ఉంది. మొదటి జీతం నాడు మిత్రులతో పంచుకున్న సీసా, ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ముగిశాక కాలనీ మేడ మీద గడిపిన రాత్రి ఆ రుచిలో భాగాలు. జ్ఞాపకం వల్ల ఇష్టపడటం తప్పు కాదు. జ్ఞాపకాన్ని వస్తుగుణంగా చెప్పుకోవడమే పొరపాటు.

6. పక్క టేబులు పరీక్ష

బోర్డ్యూ అభ్యంతరాన్ని అంగీకరిస్తే ప్రతి ఎంపికా ప్రదర్శనే అవుతుంది, నిజాయితీకి చోటుండదు. క్షేమేంద్రుడు పదకొండవ శతాబ్దంలో ప్రతిపాదించిన ఔచిత్య భావన ఇక్కడ ఒక దారి చూపుతుంది. ఏది దేనికి తగినదో అది అక్కడ ఉండటమే ఔచిత్యం. నడుముకు పెట్టుకోవలసిన మొలనూలు మెడలో వేసుకుంటే అది ఎంత విలువైన బంగారమైనా నవ్వులపాలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటే నగరంలో, మిర్చి బజ్జీలతోనో వేయించిన పల్లీలతోనో కూర్చున్న సాయంత్రం, చల్లటి తేలిక లాగర్ తగినది. చలికాలపు రాత్రి నెమ్మదిగా సాగే సంభాషణకు స్టౌట్ తగినది కావచ్చు. ఈ దృష్టిలో లాగర్ వైపు మళ్లడం పతనమూ కాదు, వినయమూ కాదు. కాలాన్నీ, చోటునూ, ఆకలినీ గుర్తించడం.

అయితే ఔచిత్యాన్ని గుర్తించి ఎంచుకోవడానికి ఎంపిక అన్నది చేతిలో ఉండాలి. బ్రూపబ్బులో ఒక గ్లాసు ధరకు వైన్ షాపులో ఒకటికి మించిన సీసాలు వస్తాయి. రెండు తలుపులూ తెరిచి ఉన్నవాడి ఎంపికనూ, ఒక్క తలుపే ఉన్నవాడి అలవాటునూ ఒకే పేరుతో పిలవడం న్యాయం కాదు. సీసాలో కూడా తేడా ఉంది. తిరిగివచ్చిన అభిమాని తరచుగా కోరేది లైట్. దేశంలో ఎక్కువగా అమ్ముడుపోయేది స్ట్రాంగ్. పెట్టిన రూపాయికి ఎంత మత్తు అన్న లెక్క అక్కడ పనిచేస్తుంది. ఒకే కౌంటరు ముందు నిలబడినా ఇద్దరూ ఒకే బీరు దగ్గరికి వచ్చినట్లు కాదు. పర్మిట్ రూములో కలిసి నిలబడినంత మాత్రాన సమానత్వం ఏర్పడిందనుకోవడం మళ్లీ కంటి రుచే.

ఈ స్థితిలో ఒక ఊహాత్మక పరీక్షను ప్రతిపాదించవచ్చు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ ఉప్పల్‌లో ఉంటున్న ఒక యువకుడు ఏళ్ల తరువాత పర్మిట్ రూముకు వచ్చాడనుకుందాం. నాచారం కర్మాగారంలో షిఫ్టు ముగించుకొని వచ్చిన, చిన్ననాటి నుంచి తెలిసిన పెద్దాయన పక్క టేబులు దగ్గర నిలబడి, ‘ఏం తమ్మీ, పెద్ద హోటళ్ల బీరు ఇడిసిపెట్టి మళ్ల ఇటే వచ్చినవ్?’ అని అడిగాడనుకుందాం. యువకుడు ఇచ్చే జవాబే పరీక్ష. ‘ఇదే అసలైనది, అవన్నీ వేషాలు’ అంటే, తాను విసిగిపోయిన ఆటలో ఆ పెద్దాయన జీవితాన్ని అలంకారంగా వాడుకుంటున్నాడు. ‘నాకు అన్నీ తెలుసు, అయినా ఇదే తాగుతున్నా’ అన్నా, లోలోపల అదే మెట్టు ఉంది. ‘ఎండకు సల్లగుంటది అన్నా, ఇక్కడ మీరంతా ఉంటరు’ అంటే, ఆ మాట పెద్దాయన కూడా తనదిగా చెప్పుకోగల మాట. పక్కవాడి ముందు, పక్కవాడిని తగ్గించకుండా పలకగలిగిన కారణమే నిజమైన కారణం.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. మాట తీయగా ఉన్నా మనసు వేరుగా ఉండవచ్చు. యువకుడు మర్యాద కోసం అలా అని ఉండవచ్చు. అయినా మర్యాద కోసమైనా ఆ జవాబు వెతికినవాడు, తన రుచికి మరొకరు సాక్షిగా ఉన్నారని గుర్తించాడు. నైతికత ఆ గుర్తింపుతో మొదలవుతుంది.

7. నాలుక లేని పక్షం

బీరు రుచి గురించి తెలుగులో సాగే ఏ చర్చ అయినా ఇద్దరు పురుషుల మధ్య, రెండు టేబుళ్ల మధ్య ముగిసిపోరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కార్యక్రమంలో చదువు నేర్చుకుంటున్న స్త్రీలు సారాకు వ్యతిరేకంగా లేచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. నాచారంలో రామకృష్ణా స్టూడియోను నెలకొల్పిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా తిరిగివచ్చి 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధాన్ని అమలులోకి తెచ్చారు. 1997లో అది సడలింది. ఆ స్త్రీలు సారా రుచి గురించి మాట్లాడలేదు. కూలిడబ్బులో ఇంటికి చేరేది ఎంత, రాత్రి ఇంట్లో జరిగేది ఏమిటి అన్నవే వారు లేవనెత్తిన ప్రశ్నలు. మద్యానికి తెలుగులో ‘మందు’ అన్న మాట స్థిరపడింది. ఆ మందు చేసే గాయాన్ని లెక్కించినది వారు.

ఈ దృష్టి నుంచి చూస్తే క్రాఫ్ట్, చవక అన్న విభజనే కొంత తేలిపోతుంది. మైక్రోబ్రూవరీ గ్లాసులోనూ, వైన్ షాపు సీసాలోనూ ఉన్నది ఆల్కహాలే. రెండింటి వెనుకా ప్రభుత్వ ఆదాయం ఉంది. తెలంగాణలో సీసా బీరు టోకు వ్యాపారం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారానే జరుగుతుంది. ధర పెంపు, బకాయిల వివాదంలో 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ సరఫరా నిలిపివేసింది. తరువాతి నెలలో ప్రభుత్వం బీరు ధరలను 15 శాతం పెంచింది. రెండు తలుపులున్నవాడికి ఈ పెంపు ఒక వార్త. ఒక్క తలుపున్నవాడి ఇంట్లో అది నెలసరి లెక్క. ఆ లెక్క చాలావరకు గ్లాసు ముట్టనివారి చేతిలో సరిచేయబడుతుంది.

కనుక ఔచిత్యాన్ని కాలానికీ చోటుకూ పరిమితం చేస్తే చాలదు. ఈ బీరు ఈ ఎండకు తగినదా అన్న ప్రశ్నతో పాటు, ఈ ఖర్చు ఈ ఇంటికి తగినదా, ఈ రెండో సీసా రేపటి ఉదయానికి తగినదా అన్న ప్రశ్నలు కూడా ఔచిత్యంలో భాగమే. క్రాఫ్ట్ సంస్కృతి తెచ్చిన అలవాట్లలో నిలుపుకోదగినది ఒకటుంది: నెమ్మదిగా, కొద్దిగా, గమనిస్తూ తాగడం. లాగర్ వైపు మళ్లినవాడు ఖరీదుతో పాటు ఆ గమనింపును కూడా వదిలేస్తే, అతను నేర్చుకున్నదానిలో మేలైన భాగాన్నే పారేసినవాడవుతాడు.

8. ముగింపు

చవక లాగర్ వైపు మళ్లడం దానంతట అది సద్గుణమూ కాదు, కపటమూ కాదు. లేబులు తీసేసినా నిలిచే ఇష్టం కొంత, జ్ఞాపకం కొంత, ఎండ కొంత, అలసట కొంత, కొత్తగా మెరిసే ‘సాదా’ అన్న కాంతి కొంత కలిసిన స్థితి అది. రుచి అన్న పదంలో కాంతి ఉన్నంతకాలం ఆ మెరుపును పూర్తిగా తీసేయడం సాధ్యం కాదు. దానిని గుర్తించి, అది వస్తువు గుణమని చెప్పకుండా ఉండటం మాత్రం సాధ్యం.

హ్యూమ్ చెప్పిన సాధన, భరతుడు చెప్పిన సుమనస్కత, క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యం కలిసిన చోట రుచి పరిణతి చెందుతుందని ఈ పరిశీలన సూచిస్తుంది. ఆ పరిణతిని మెట్లు ఎక్కడం, దిగడం అన్న భాషలో చెప్పడం సరిపోదు. మెట్లు ఉన్నాయన్న భావన ఉన్నంతవరకు దిగివచ్చినవాడు కూడా పైనుంచే మాట్లాడతాడు. పొరుగింటి పుల్లకూర రుచిగా తోచడం మానవ సహజం. ఆ ఇంట్లో రోజూ అదే కూర ఎందుకు వండుతున్నారో అడగడంతో రుచి గురించిన నైతిక ప్రశ్న మొదలవుతుంది. ఉప్పల్ కూడలిలో సాయంత్రం వేళ ఒకే కౌంటరు ముందు చేయి చాచిన ఇద్దరికీ ఒకే సీసా అందవచ్చు. వారిలో తిరిగివచ్చినవాడికి మాత్రం ఒక అదనపు బాధ్యత ఉంది: తన పక్కన నిలబడినవాడు ఎక్కడినుంచీ తిరిగి రాలేదని గుర్తుంచుకోవడం.